లవము, హారము: బడి తెరిచిన నాటి వ్యాధి లెక్కలు

పాఠశాల చరిత్ర అనగానే కట్టించిన గదులు, విరాళమిచ్చిన దాతలు, పరీక్షా ఫలితాలు, పేరు తెచ్చుకొన్న పూర్వ విద్యార్థులు గుర్తుకు వస్తారు. ఈ ప్లాటినం జూబిలీ సంచికలో ఆ విషయాలను ఇతర వ్యాసకర్తలు వివరంగా వ్రాశారు. నేను ఎన్నుకొన్న అంశం కొంత భిన్నమైనది. హాజరుపట్టీలో పిల్లవాని పేరుకు ఎదురుగా పడే గైర్హాజరు గుర్తు వెనుక కూడా ఒక చరిత్ర ఉన్నది. ఆ గుర్తుకు కారణం ఇంట్లో పెళ్లి కావచ్చు, జాతర కావచ్చు, మిరప కోత కావచ్చు, జ్వరమూ కావచ్చు. ఆ జ్వరాలను లెక్కించడం, లెక్కకు అందని వాటిని అంచనా వేయడం, ఆ అంచనాను బట్టి బడి తెరవాలో మూయాలో నిర్ణయించడం అనేవి ప్రభుత్వాలకు, వైద్యులకు, ఉపాధ్యాయులకు చిరకాలంగా ఉన్న సమస్యలు.

2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వ్యాధి కారణంగా ఈ సమస్య ప్రతి ఇంటి గడపకూ వచ్చింది. "మేడం, మా అమ్మాయిని బడికి పంపితే ఏమీ కాదు కదా?" అని అడగని తల్లి లేదు. దానికి "ఏమీ కాదమ్మా" అని ధైర్యం చెప్పడం సులభం. "అప్పుడే పంపవద్దు" అని తప్పించుకోవడం ఇంకా సులభం. నిజమైన సమాధానానికి మాత్రం ఒక లెక్క కావాలి. ఆ లెక్క ఎట్లా పుడుతుందో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో మన ప్రాంతపు అనుభవాల ఆధారంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆరవ తరగతిలో మనమందరం నేర్చుకొన్న లవము, హారము అనే రెండు మాటలు తప్ప ఇందులో కఠినమైన గణితం ఏదీ లేదు.

హారం మారుతూ వచ్చిన జిల్లా

ఏ వ్యాధి లెక్కకైనా ఎంతమందికి వచ్చింది అన్నది లవం. ఎంతమందిలో వచ్చింది అన్నది హారం. పత్రికలలో లవం పెద్ద అక్షరాలతో కనబడుతుంది. హారం తరచు కనబడదు. బళ్లారి వంటి సరిహద్దు జిల్లాలో ఆ హారమే ఎన్నోసార్లు మారింది.

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్న సీమలో బళ్లారి భాగం. 1882లో దీని నుండి అనంతపురం జిల్లా వేరుపడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు చేరాయి. మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. బళ్లారి తాలూకా ఎవరికి చెందాలన్నది జస్టిస్ మిశ్రా విచారణ తరువాత గాని తేలలేదు. హరపనహళ్లి 1997లో దావణగెరె జిల్లాకు పోయి, 2018లో తిరిగి వచ్చింది. కోవిడ్ కాలంలోనే, 2021లో, హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా ఏర్పడింది.

కనుక "బళ్లారి జిల్లాలో ఇంతమందికి వ్యాధి" అన్న వాక్యం 1918లో ఒక భూభాగాన్ని, 1960లో మరొక దానిని, నేడు ఇంకొక దానిని సూచిస్తుంది. పాత సంఖ్యలను కొత్త సంఖ్యలతో పోల్చి "అప్పుడు ఎక్కువ, ఇప్పుడు తక్కువ" అనేవారు ఈ సంగతి మరువరాదు. అంతేగాక వ్యాధి రాష్ట్ర సరిహద్దును ఎరుగదు. గుంతకల్లు నుండి రైలులో, ఆలూరు, రాయదుర్గం నుండి బస్సులలో ప్రతి దినం బంధువులు, కూలీలు, వర్తకులు ఇటు వస్తారు, అటు పోతారు. లెక్కలు మాత్రం రెండు రాజధానులలో రెండు పుస్తకాలలో వ్రాయబడతాయి.

గ్రామాధికారి వ్రాసిన జ్వరం

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలినపుడు మరుసటి సంవత్సరమే, 1897లో, అంటువ్యాధుల చట్టం వచ్చింది. ఆ చట్టం ఆయుర్దాయం ఎంతటిదంటే, 2020 మార్చి 11న కర్ణాటక ప్రభుత్వం కోవిడ్ నిబంధనలను దాని క్రిందనే ప్రకటించింది. దేశంలో కోవిడ్ వలన సంభవించిన మొదటి మరణం ఆ ముందురోజే, మన కలబురగిలో జరిగింది.

ప్లేగు కంటె లెక్కకు లొంగనిది 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. ఆ సంవత్సరం సెప్టెంబరు నుండి నవంబరు వరకు అది దేశమంతటా విజృంభించింది. అప్పట్లో జనన మరణాలను నమోదు చేసేది గ్రామాధికారులు. చనిపోయినవారిలో ఎందరికో మరణ కారణం క్రింద "జ్వరం" అన్న ఒక్కమాటే వ్రాయబడింది. ఎన్నోచోట్ల వ్రాయవలసిన అధికారే మంచం పట్టాడు. అందువలన లవం అసంపూర్ణమైంది.

ఆనాటి ప్రభుత్వ నివేదిక మొదట వేసిన అంచనా సుమారు 60 లక్షల మరణాలు. 1951లో కింగ్‌స్లీ డేవిస్ అనే జనాభా శాస్త్రవేత్త జనాభా లెక్కలను పరిశీలించి ఆ సంఖ్య సుమారు 2 కోట్లు ఉండవచ్చునన్నాడు. 1986లో మిల్స్ అనే చరిత్రకారుడు 1 కోటి 70 లక్షల నుండి 1 కోటి 80 లక్షల వరకు అన్నాడు. 2012లో వచ్చిన మరొక అధ్యయనం సుమారు 1 కోటి 39 లక్షలని తేల్చింది. జరిగిన విపత్తు ఒక్కటే. దానిని కొలిచిన సంఖ్యలు నాలుగు. వీరిలో ఎవరూ ఆ మరణాలను ఒక్కొక్కటిగా లెక్కించలేదు. ఉండవలసిన జనం ఎంత, ఉన్న జనం ఎంత అని చూసి, ఆ తేడా నుండి అంచనా వేశారు. 1911లో నేటి భారత భూభాగంలో 25 కోట్ల 21 లక్షల మంది ఉండగా, 1921లో 25 కోట్ల 13 లక్షల మందే ఉన్నారు. పదేళ్లలో పెరగవలసిన జనాభా తగ్గింది.

ఇక్కడ ఒక పాఠం ఉన్నది. లెక్క అంటే కనబడిన వారి సంఖ్య. అంచనా అంటే కనబడని వారిని కూడా కలుపుకొని చేసే ఊహ; అయితే అది హేతుబద్ధమైన ఊహ. ఈ రెంటినీ ఒకటిగా భావించినప్పుడే భయం గాని, అజాగ్రత్త గాని పుడుతుంది.

పిల్లలను చూసి ఊరిని తెలుసుకోవడం

బడిలో పిల్లలు ఒకచోట కూర్చొని ఉంటారు. వారి పేర్లు, వయసులు పట్టీలో ఉంటాయి. అంటే హారం చేతిలో సిద్ధంగా ఉన్నదన్నమాట. వైద్యులు ఈ సౌకర్యాన్ని చాలాకాలం క్రిందటే గుర్తించారు.

1840లలో యమునా కాలువల ప్రాంతంలో మలేరియా తీవ్రతను తెలుసుకోవడానికి డెంప్‌స్టర్ అనే వైద్యుడు ప్లీహం పెరిగిన వారిని లెక్కించే పద్ధతిని అనుసరించాడు. "కడుపులో బల్ల పెరిగింది" అని మన పెద్దలు అనేది దీనినే. చలిజ్వరం ఈ రోజు ఉండి రేపు తగ్గవచ్చు; బల్ల మాత్రం కొన్నాళ్లపాటు చేతికి తగులుతూనే ఉంటుంది. కనుక ఆనాడు జ్వరం లేని పిల్లవాడు కూడా ఊరి జ్వర చరిత్రను చెప్పగలుగుతాడు. మన పాఠశాల పుట్టిన కాలంలోనే, 1950లో, కంపాలా నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన మలేరియా సమావేశం 2 నుండి 9 సంవత్సరాల పిల్లలలో నూటికి ఎందరికి ప్లీహం పెరిగిందో చూసి ప్రాంతాలను వర్గీకరించింది. నూటికి 10 మందికి మించకుంటే వ్యాధి స్వల్పం. 50 దాటితే అతి తీవ్రం.

1953లో తుంగభద్ర జలాశయం నుండి నీరు విడుదలైన తరువాత సిరుగుప్ప, కంప్లి ప్రాంతాలకు కోస్తా ఆంధ్ర రైతులు వచ్చి క్యాంపులు ఏర్పరచుకొన్నారు. మన బడులలో తెలుగు పిల్లల సంఖ్య పెరగడానికి అదొక కారణం. ఆ సంవత్సరమే జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డి.డి.టి. చల్లిన సిబ్బంది ఇంటి గోడపై తేదీ వ్రాసిపోవడం నాటి విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1965 నాటికి అది లక్ష ప్రాంతానికి దిగింది. వ్యాధి పోయిందని అనుకొన్నంతలో, 1976లో మరల 64 లక్షలు దాటింది. లెక్క తగ్గినపుడు లెక్కించడం మానరాదన్నది ఈ అనుభవం.

క్షయ విషయంలోనూ ఇదే జరిగింది. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా పని మదనపల్లెలో ప్రారంభమైంది. టీకాకు ముందు చేతిపై ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసేవారు. ఐదేళ్ల పిల్లవాని చేతిపై ఆ గుర్తు పొంగిందంటే, గడచిన ఐదేళ్లలో అతని చుట్టుప్రక్కల క్షయ ఉన్న మనిషి ఎవరో తిరిగారన్నమాట. పిల్లవాడు రోగి కాకపోవచ్చు, సాక్షి మాత్రం అవుతాడు. ఈ తర్కాన్ని ఆధారం చేసుకొనే, 1959లో ఏర్పడిన బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ, ఏటా కొత్తగా నూటికి ఎందరికి సోకుతున్నదో అంచనా వేసే విధానాన్ని అభివృద్ధి చేసింది. ఆ సంస్థ రూపొందించిన జిల్లా క్షయ నివారణ పథకాన్ని మొదట పరీక్షించి చూసింది మన పొరుగున ఉన్న అనంతపురం జిల్లాలోనే, 1961లో.

పిల్లలలో కనబడే వ్యాధి మొదట ఊరి కథ చెబుతుంది. బడి కథ ఆ తరువాతిది. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకొన్నట్లయితే 2020 నాటి సంఖ్యలు చక్కగా అర్థమవుతాయి.

ఒక సరిహద్దు, రెండు నిర్ణయాలు

2020 మార్చిలో పాఠశాలలు మూతపడ్డాయి. పదవ తరగతి పరీక్షల విషయంలో పొరుగు రాష్ట్రాలు వేరువేరు దారులు పట్టాయి. తెలంగాణ ప్రభుత్వం జూన్ 8న, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూన్ 20న పరీక్షలు రద్దు చేశాయి. కర్ణాటక మాత్రం జూన్ 25 నుండి ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు నిర్వహించింది. రాయదుర్గంలో పెదనాన్న కొడుకు పరీక్ష లేకుండానే ఉత్తీర్ణుడైతే, బళ్లారిలో చిన్నాన్న కూతురు ముఖానికి మాస్కు కట్టుకొని పరీక్షకు కూర్చొన్నది. ఎనిమిది లక్షలకు పైగా విద్యార్థులు నమోదైన ఆ పరీక్షలు ముగిసేనాటికి 32 మందికి వ్యాధి నిర్ధారణ అయినట్లు ప్రకటించారు. సంఖ్య చిన్నదే. అయితే అది కూడా పరీక్షించి చూసిన వారిలో తేలిన సంఖ్యే.

అసలు పరీక్ష 2020 నవంబరు 2న వచ్చింది. ఆనాడు ఆంధ్రప్రదేశ్‌లో 9, 10 తరగతులకు బడులు తెరిచారు. మూడు రోజులలోనే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు వ్యాధి ఉన్నట్లు తేలింది. ఈ వార్త దేశమంతటా వ్యాపించింది. మనవైపు ఇంకా బడులు తెరవలేదు గనుక, సరిహద్దుకు ఇవతల ఉన్న తల్లిదండ్రుల భయం రెట్టింపైంది. అప్పుడు అక్కడి పాఠశాల విద్యాశాఖ హారాన్ని బయటపెట్టింది. ఆ రెండు తరగతులలో నమోదైనవారు 9 లక్షల 75 వేలు. హాజరైనవారు 3 లక్షల 93 వేలు. 262 అంటే అందులో నూటికి 0.1 కూడా కాదని అధికారుల వాదన.

ఈ రెండు పక్షాల మాటలనూ ఉపాధ్యాయులుగా మనం జాగ్రత్తగా పరిశీలించాలి. 262ను 3,93,000తో భాగిస్తే పదివేలకు 7 కంటె తక్కువ వస్తుంది. భాగహారం సరియైనదే. కాని ఆ హారం హాజరైన వారి సంఖ్య. పరీక్ష చేయించుకొన్న వారి సంఖ్య కాదు. పదిమందిలో ఒకరిని మాత్రమే పరీక్షించి ఉంటే, మిగిలినవారిలోనూ అదే నిష్పత్తి ఉన్నదనుకొన్నపుడు, అసలు సంఖ్య 2,600 దాటవచ్చు. దగ్గు, జ్వరం ఉన్నవారినే పరీక్షించి ఉంటే ఈ గుణకారం కూడా తప్పవుతుంది. కనుక "నూటికి 0.1 లోపు" అన్నది నిశ్చింతకు ఆధారం కాజాలదు.

భయపడినవారి వాదనలోనూ అంతే లోపమున్నది. కోవిడ్ సోకిన తరువాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా 5, 6 రోజులు, కొందరిలో 14 రోజుల వరకు పడుతుంది. బడి తెరిచిన మూడు రోజులలో బయటపడిన వ్యాధి దాదాపుగా బడి తెరవక ముందే సోకినదై ఉంటుంది. ఆ 262 మంది బడిలో వ్యాధి తెచ్చుకొన్నవారు కారు. ఎక్కువగా ఇంటినుండి, ఊరినుండి తెచ్చినవారు. "బడి తెరిచినందువల్ల 262 మందికి వ్యాధి" అన్న శీర్షికకు, "బడి తెరిచినందువల్ల 262 మంది వ్యాధి బయటపడింది" అన్న శీర్షికకు ఎంత తేడా!

పరీక్షలు పెంచిన కొలదీ సంఖ్య ఎట్లా పెరుగుతుందో 2021 నవంబరులో ధార్వాడలోని ఒక వైద్య కళాశాలలో స్పష్టంగా కనబడింది. ఒక వేడుక తరువాత మొదట 66 మందికి వ్యాధి ఉన్నట్లు తేలింది. మరిన్ని పరీక్షలు చేయగా 182, ఆపైన 281 అయింది. ఆ రెండు మూడు రోజులలో వ్యాధి నాలుగింతలు కాలేదు; వెదకడం పెరిగింది.

కనబడని వారి లెక్క

ఆంధ్రలో బడులు తెరిచిన వారంలోనే, 2020 నవంబరు 4న, కర్ణాటక ప్రభుత్వం తన రక్తపరీక్షల సర్వే ఫలితాలను ప్రకటించింది. సెప్టెంబరులో జరిగిన ఆ సర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో నూటికి 27.3 మందికి, అంటే 7 కోట్ల 7 లక్షల మందిలో సుమారు 1 కోటి 93 లక్షల మందికి, అప్పటికే వ్యాధి సోకింది. అధికారికంగా గుర్తించిన ప్రతి ఒక్క రోగికి సుమారు 40 మంది సోకినవారు ఉన్నారన్నమాట. జిల్లాలన్నిటిలో అత్యధికంగా సోకినది మన బళ్లారిలోనే. ఇక్కడ నూటికి 40 దాటింది.

అదే సంవత్సరం జూన్, ఆగస్టు నెలల నడుమ ఇంటింటి నమూనాతో జరిగిన మరొక అధ్యయనం కర్ణాటకలో సోకినవారు నూటికి 46.7 అన్నది. ముందుగా జరిగిన అధ్యయనంలో ఎక్కువ, తరువాతి దానిలో తక్కువ రావడం చూసి ఆశ్చర్యపడనవసరం లేదు. ఒకటి ఇండ్లనుండి నమూనా తీసుకొన్నది. రెండవది ఆసుపత్రులకు, సంతలకు, బస్సు నిలయాలకు సంబంధించిన వారిని పరీక్షించింది. పరీక్షా పద్ధతులూ వేరు. ఎవరిని అడిగామన్న దానిని బట్టి సమాధానం మారుతుంది. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, ప్రభుత్వ సర్వేలో 18 సంవత్సరాల లోపువారు లేరు. బడులు తెరవాలా వద్దా అన్న చర్చ జరుగుతున్నప్పుడు బడి పిల్లలే ఆ లెక్కలో లేరు.

ఆ లోటును 2021 జూన్, జూలై నెలలలో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన నాల్గవ జాతీయ సర్వే తీర్చింది. మన పొరుగున ఉన్న చిత్రదుర్గ జిల్లా, మరి కలబురగి కూడా అందులో ఉన్నాయి. దేశవ్యాప్తంగా 6 నుండి 9 సంవత్సరాల పిల్లలలో నూటికి 57.2 మందిలో, 10 నుండి 17 సంవత్సరాల వారిలో 61.6 మందిలో ప్రతిరక్షకాలు కనబడ్డాయి. పిల్లలకు అప్పటికి టీకా లేదు. 15 సంవత్సరాలు నిండినవారికి టీకా మొదలైనది 2022 జనవరిలో. కనుక ఆ ప్రతిరక్షకాలు వ్యాధి సోకడం వలన వచ్చినవే.

ఈ సంఖ్యను కర్ణాటక బడుల తేదీలతో కలిపి చదవండి. మనవద్ద పదవ తరగతికి 2021 జనవరి 1న బడి తెరిచారు; ఏప్రిల్‌లో మరల మూశారు. ఆగస్టు 23న, పాజిటివిటీ రేటు నూటికి 2 లోపు ఉన్న జిల్లాలలో 9వ తరగతి నుండి పై తరగతులు, సెప్టెంబరు 6న 6, 7, 8 తరగతులు మొదలైనాయి. ఒకటి నుండి ఐదు తరగతుల పిల్లలు 2021 అక్టోబరు 25న గాని బడి మెట్లు ఎక్కలేదు. అంటే సర్వే జరిగేనాటికి ఆ చిన్నపిల్లలు పదిహేను నెలలుగా తరగతి గదిని చూడలేదు. దేశంలోని చాలా రాష్ట్రాలలోనూ ప్రాథమిక పాఠశాలలు మూసియే ఉన్నాయి. అయినా సగానికి పైగా పిల్లలకు వ్యాధి సోకింది. తలుపులు మూసిన బడి వారిని కాపాడలేకపోయింది. వ్యాధి ఇంటికే వచ్చింది.

తల్లులకు చెప్పవలసిన లెక్క

అయితే బడిలో వ్యాధి వ్యాపించదని ఎవరూ అనరాదు. ఎంత అవకాశమున్నదో లెక్కించి చెప్పాలి. ఉదాహరణకు, ఊరిలో వెయ్యిమందికి 5 గురు ఆ వారంలో వ్యాధి అంటించే స్థితిలో ఉన్నారనుకొందాం. 300 మంది పిల్లలున్న బడికి సగటున ఒకరో ఇద్దరో వ్యాధితో వస్తారు. ఒక్కరు కూడా రాకపోయే అవకాశం నూటికి 22 మాత్రమే. కనుక "మన బడిలోకి వ్యాధి రాదు" అని ఏ ప్రధానోపాధ్యాయిని మాట ఇవ్వలేదు. అదే బడిని 20 మంది చొప్పున జట్లుగా విభజిస్తే, ఒక జట్టులో వ్యాధిగ్రస్తుడు ఎవరూ లేకపోయే అవకాశం నూటికి 90. చిన్న జట్లు, తెరిచిన కిటికీలు, చెట్టు క్రింద తరగతులు అన్న నియమాల వెనుక ఉన్న గణితం ఇదే. జట్లు వ్యాధిని ఆపవు. వచ్చిన వ్యాధిని ఒక గదికి పరిమితం చేస్తాయి.

త్రాసులో రెండవ తట్ట

వ్యాధి లెక్కను ఒక తట్టలో పెట్టినపుడు రెండవ తట్టను ఖాళీగా ఉంచడం న్యాయం కాదు. 2021 జనవరిలో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కర్ణాటకతో సహా ఐదు రాష్ట్రాలలో 16,067 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలను పరిశీలించింది. నూటికి 92 మంది అంతకుముందు వచ్చిన భాషా సామర్థ్యాలలో కనీసం ఒకదానిని కోల్పోయారు. గణితంలో నూటికి 82 మంది కోల్పోయారు. మన తెలుగు మాధ్యమ విద్యార్థులకు ఈ నష్టం మరింత లోతైనది. వారికి వీధిలో వినబడేది, దుకాణం బోర్డుపై కనబడేది కన్నడం. తెలుగు అక్షరంతో వారికి ఉన్న ప్రధాన బంధం బడియే. ఆ బంధం ఏడాదిన్నర తెగినపుడు ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా గుణింతాలు మరచి వచ్చారు.

ఆ కాలంలో కొందరు బాలురు జీన్స్ కుట్టు కేంద్రాలలో బొత్తాలు కుట్టారు. కొందరు బాలికలు మిరప చేలకు పోయారు. ఒకరిద్దరి మెడలో తాళి పడింది. వ్యాధి సంఖ్యలు ప్రతి సాయంత్రం ప్రకటించబడ్డాయి. ఈ నష్టాలకు మాత్రం దినసరి ప్రకటన లేదు. అందువలననే అవి నిర్ణయాలలో తక్కువ బరువు తూగాయి. లెక్కించినది పెద్దదిగా, లెక్కించనిది లేనిదిగా కనబడడం మానవ స్వభావం. చరిత్ర చదివినవారు ఆ స్వభావాన్ని సరిదిద్దవలసి ఉన్నది.

ఇకముందు మన కర్తవ్యం

కోవిడ్ తీవ్రత తగ్గినది. బడి తెరిచే రోజులు మాత్రం ప్రతి సంవత్సరం వస్తాయి. వేసవి సెలవుల తరువాత తొలకరితో పాటు ఊళ్లకు వెళ్లిన పిల్లలు తిరిగి వస్తారు. గవదబిళ్లలు, ఆటలమ్మ, డెంగీ జ్వరం వారితో పాటు రావచ్చు. 2023 జూలైలో కళ్లకలక కర్ణాటకలోను, తెలుగు రాష్ట్రాలలోను బడులను చుట్టుముట్టిన సంగతి మీకు తెలుసు. ఇట్టి సందర్భాలలో పాటింపదగిన కొన్ని విషయాలు ఈ చరిత్ర నుండి తేలుతున్నాయి.

మొదటిది, గైర్హాజరు గుర్తు ప్రక్కన కారణం వ్రాయాలి. "జ్వరం", "కళ్లు", "దద్దుర్లు", "ఊరికి వెళ్లాడు" అన్న ఒక్కమాట చాలు. ఒకే తరగతిలో ఒకే వారంలో ఒకే మాట మూడుసార్లు పడితే ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి. ఇందుకు యంత్రాలు, నిపుణులు అవసరం లేదు.

రెండవది, సంఖ్య చెప్పినపుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఎంతమందిలో? ఎవరిని వెదికితే? ఎన్ని రోజులలో? ఈ మూడింటికి సమాధానం లేని సంఖ్యను విని బడి మూయరాదు, తెరవనూ రాదు.

మూడవది, మొదటి వారంలో బయటపడిన వ్యాధికి బడిని గాని, పిల్లవానిని గాని దోషిగా నిలబెట్టరాదు. ఆ వ్యాధి అంతకుముందే ఊరిలో ఉన్నది. పిల్లవాని వలన అది మనకు తెలిసింది. అందుకు అతనికి కృతజ్ఞులమై ఉండాలి.

నాల్గవది తల్లిదండ్రులకు నా విన్నపం. హాజరు పోతుందని జ్వరాన్ని దాచి, మాత్ర వేసి పంపవద్దు. మీరు దాచిన ఒక్క జ్వరం మా లెక్కలో లవాన్ని తగ్గిస్తుంది గాని వ్యాధిని తగ్గించదు. మీరు నిజం చెప్పాలంటే, చెప్పినందుకు మీ బిడ్డకు అవమానం గాని, హాజరు విషయంలో నష్టం గాని కలుగదన్న నమ్మకం మీకుండాలి. ఆ నమ్మకం కలిగించే బాధ్యత ఉపాధ్యాయులమైన మాది.

1918లో గ్రామాధికారి "జ్వరం" అని వ్రాసి ఊరుకొన్నాడు. దాని ఫలితంగా నూరేళ్ల తరువాత కూడా పండితులు మృతుల సంఖ్య కోసం వాదించుకొంటున్నారు. నేడు మనం వ్రాసే పట్టీలను రేపటి తరం చదువుతుంది. అందులో ప్రతి పిల్లవాడూ ఒక సంఖ్యగా మాత్రమే గాక, కారణంతో సహా నిజంగా నమోదు కావాలి. డెబ్బది అయిదేళ్లుగా రెండు రాష్ట్రాల నడుమ, రెండు భాషల నడుమ తెలుగు పిల్లలకు అక్షరం నేర్పిన ఈ పాఠశాల, లెక్కను నిజాయితీతో వ్రాయడంలోనూ ఆదర్శంగా నిలవాలని ఆకాంక్షిస్తూ, అందుకు సహకరించవలసినదిగా పూర్వ విద్యార్థులను, తల్లిదండ్రులను, తోటి ఉపాధ్యాయ సోదరీ సోదరులను కోరుకొంటున్నాను.